రెండో ప్రపంచ యుద్ధంలో గొప్ప సేనాని ఎవరు? నా ఓటు బిల్ స్లిమ్‌కు

అడిగిన ప్రశ్న ఇది: రెండో ప్రపంచ యుద్ధంలో అందరికంటే గొప్ప సేనాని ఎవరు, రోమెలా, జుకోవా, పాటనా? ఈ ముగ్గురిలో ఎవరూ కాదన్నది నా అభిప్రాయం. నేను చెప్పే పేరు విలియం స్లిమ్. బర్మా రంగంలో బ్రిటిష్ 14వ సైన్యాన్ని నడిపినవాడు. అతని కింద పోరాడినవారిలో ఎక్కువమంది భారతీయులే అయినా, మన దగ్గర ఈ పేరు తెలిసినవారు తక్కువ.

నేను సైన్యంలో పనిచేసింది సరఫరా విభాగంలో. కాబట్టి నా చూపులో పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. పటం మీద బాణం ఎంత దూరం దూసుకుపోయిందో అందరూ చూస్తుంటే, ఆ బాణం మొన దగ్గరున్న జవాను ఆ పూట ఏం తిన్నాడు, అతని లారీకి పెట్రోలు ఎక్కడి నుంచి వచ్చింది అని నా మనసు వెతుకుతుంది. ఇలా వెతికితే పేరుమోసిన సేనానుల్లో చాలామంది కొంచెం చిన్నబోతారు.

మొదట చిన్నబోయేది జర్మన్ సేనాని రోమెల్. 1941, 42లలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో అతను చూపిన చొరవను కాదనలేం. ముందు వరుసలోకి స్వయంగా వచ్చి యుద్ధం నడిపేవాడు, ఎదుటివాడు తేరుకునేలోపే రెండో దెబ్బ కొట్టేవాడు. 1942 జూన్ 21న టోబ్రుక్‌ను పట్టుకుని ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. అయితే అతని ప్రధాన రేవు ట్రిపోలీ నుంచి, ఈజిప్టులో అతను చివరికి ఆగిపోయిన ఎల్ అలమీన్‌కు దారి దాదాపు 2,000 కిలోమీటర్లు. ఆ దారిలో లారీలు మోసుకొచ్చే పెట్రోలులో పెద్ద వాటా ఆ లారీలే తాగేసేవి. మాల్టా దీవి నుంచి బ్రిటిష్ విమానాలు, జలాంతర్గాములు ఇటలీ సరుకు నౌకలను ముంచుతూనే ఉండేవి. ఇవన్నీ రోమెల్‌కు తెలియనివి కావు. అది వెనక కూర్చున్నవాళ్ళ తలనొప్పి, తన పని ముందుకు పోవడమే అనుకున్నాడు. అతని కీర్తిలో బ్రిటిష్‌వాళ్ళ చేయి కూడా ఉంది. చర్చిల్ 1942 జనవరిలో పార్లమెంటులోనే అతన్ని గొప్ప జనరల్ అని పొగిడాడు. శత్రువు మేధావి అయితే ఓడినవాడికీ కాస్త మర్యాద దక్కుతుంది కదా.

పాటన్ గురించి ఎక్కువ చెప్పను. 1944 డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో జర్మన్లు విరుచుకుపడినప్పుడు, తూర్పుకు సాగుతున్న సైన్యాన్ని కొద్ది రోజుల్లోనే ఉత్తరానికి మళ్ళించి బాస్తోన్ చేరడం నిజంగా గొప్ప పని. కానీ అమెరికా కర్మాగారాలు, ఆకాశం నిండా సొంత విమానాలు అతని వెనక ఉన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో పెట్రోలు కరువైనప్పుడు అతనూ అందరిలాగే లోరైన్‌లో ఆగిపోయాడు. ఇక జర్మన్ సేనాని మాన్‌స్టైన్. 1943 ఫిబ్రవరి, మార్చిల్లో ఖార్కోవ్ దగ్గర అతను కొట్టిన ఎదురుదెబ్బను ఇప్పటికీ సైనిక పాఠశాలల్లో పాఠంగా చెబుతారు, చెప్పాలి కూడా. అయితే యుద్ధం తరువాత జర్మన్ జనరల్స్ రాసుకున్న జ్ఞాపకాల్లో తప్పులన్నీ హిట్లర్‌వి, ఒప్పులన్నీ తమవి. 1949లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం యుద్ధ నేరాలకు మాన్‌స్టైన్‌ను శిక్షించిన సంగతి అతని అభిమానులు ఎత్తరు.

నా వాదన నిజంగా తడబడేది రష్యా వైపు చూసినప్పుడే. జర్మనీ వెన్ను విరిగింది తూర్పు రంగంలోనే, అందులో రెండో మాట లేదు. జుకోవ్ 1939లో మంగోలియా సరిహద్దున ఖల్ఖిన్ గోల్ దగ్గర జపాన్‌ను ఓడించాడు. 1941లో లెనిన్‌గ్రాడ్ కూలిపోయే దశలో వెళ్ళి నిలబెట్టాడు, అదే చలికాలంలో మాస్కోను కాపాడాడు. స్టాలిన్‌గ్రాడ్ వ్యూహంలో అతని పాత్ర పెద్దది. కానీ అదే సమయంలో, 1942 నవంబరులో, ర్జెవ్ దగ్గర అతని పర్యవేక్షణలో సాగిన ఆపరేషన్ మార్స్ ఘోరంగా విఫలమైంది. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ ముందు సీలోవ్ గుట్టల మీదికి సైన్యాన్ని తోసిన తీరు చూస్తే, మనుషులు అయిపోతారన్న చింత అతనికి లేదనిపిస్తుంది. సోవియట్ సేనానుల్లో నాకు నచ్చేవాడు రొకొసోవ్‌స్కీ. 1937లో స్టాలిన్ మనుషులే అతన్ని పట్టుకుపోయారు. జైల్లో పళ్ళు రాలగొట్టారు. 1940లో వదిలి మళ్ళీ యూనిఫారం ఇచ్చారు. 1944 వేసవిలో బెలారూస్ దాడికి పథకం వేస్తున్నప్పుడు, బొబ్రూయిస్క్ మీదికి ఒకే దారిన వెళ్ళాలని పైవాళ్ళంటే, చిత్తడి నేలలో ఒక్క దారి చాలదు, రెండు దెబ్బలు కొట్టాలని స్టాలిన్ ముందే పట్టుబట్టాడు. ఒకసారి జైలు చూసి వచ్చినవాడు ఆ గదిలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. ఆ దాడిలో జర్మన్ మధ్య సైన్య సమూహం తుడిచిపెట్టుకుపోయింది. ఎన్ని డివిజన్లను కూల్చాడన్నదే లెక్క అయితే నా ఓటు అతనికే.

కానీ నేను చూసేది వేరు. సేనాని చేతికి ఏమిచ్చారు, దానితో ఏం చేశాడు? ఓడిపోయిన సైన్యాన్ని, ఎవరికీ పట్టని సైన్యాన్ని తీసుకుని, అదే సైన్యంతో, అదే శత్రువును, అదే నేల మీద ఓడించినవాడు ఎవడు? ఇక్కడ స్లిమ్ పక్కన నిలబడగలవాళ్ళు నాకు కనిపించరు.

1942 మార్చి నడిమిలో స్లిమ్ బర్మా కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) పగ్గాలు తీసుకునేసరికి కథ దాదాపు ముగిసింది. ఫిబ్రవరి 23న సిటాంగ్ వంతెనను, మన బ్రిగేడ్లు ఇంకా అవతలి ఒడ్డునే ఉండగా, మనవాళ్ళే పేల్చేశారు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. రేవు పోయాక సరుకు రాదు, కొత్త మనుషులు రారు. స్లిమ్ చేయగలిగింది వెనక్కి నడవడమే. యెనాంజాంగ్ చమురు బావులను తగలబెట్టి, ఇరావతి, చింద్విన్ నదులు దాటి, దాదాపు 900 మైళ్ళు నడిచి మేలో మణిపూర్ చేరారు. బ్రిటిష్ సైనిక చరిత్రలో అంత పొడవైన తిరోగమనం లేదు. ఒళ్ళంతా పుండ్లతో, జ్వరాలతో వచ్చిన ఆ మనుషులు తుపాకులు మాత్రం వదల్లేదు, దళాలుగానే వచ్చారు.

తెలుగువారికి ఆ ఏడాది పరాయి కథ కాదు. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన కోస్తా తెలుగు కూలీలు వేల సంఖ్యలో అడవి దారుల్లో ఇండియాకు కాలినడకన బయలుదేరారు. దారిలోనే పోయినవారు ఎందరో. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తరువాత స్లిమ్ సైన్యం నదులు దాటినప్పుడు వంతెనలు కట్టినవారిలో మద్రాస్ సాపర్లు ఉన్నారు.

ఓడి వచ్చాక స్లిమ్ చేసిన పని ఇతర సేనానులు అంతగా చేయనిది. తాను ఎందుకు ఓడాడో కూర్చుని ఆలోచించాడు. జపాన్ సైనికుడు అడవిలోంచి తిరిగి వచ్చి మన వెనక రోడ్డును మూసేస్తాడు. రోడ్డునే నమ్ముకున్న మనవాళ్ళు బెదిరి వెనక్కి పరుగెత్తుతారు. 1942 అంతా జరిగింది ఇదే. స్లిమ్ తేల్చుకున్నదేమిటంటే, వెనక రోడ్డు మూసుకుపోతే కదలకూడదు, ఉన్నచోటే గుండ్రంగా నిలబడాలి. తిండి, గుండ్లు ఆకాశం నుంచి పడితే, మన వెనక చేరిన జపాన్ దళమే మన రెండు దళాల మధ్య చిక్కుకుంటుంది. కాగితం మీద ఇది సులువు. ఆకాశం నుంచి తిండి పడేయడానికి విమానాలు కావాలి, పారాచూట్లు కావాలి, అన్నిటికంటే ముందు ఒళ్ళు బాగున్న మనుషులు కావాలి.

1943లో 14వ సైన్యంలో గాయపడి వెనక్కి వచ్చే ఒక్కొక్క జవానుకు జబ్బుపడి వచ్చేవారు 120 మంది. సరఫరా పని చేసినవాణ్ని కాబట్టి ఈ అంకె చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. శత్రువు అక్కర్లేదు, దోమే చాలు. అప్పటికి మలేరియాకు మెపాక్రిన్ మాత్ర వచ్చింది, కానీ అది వేసుకుంటే మగతనం పోతుందన్న పుకారు జవాన్లలో పాకింది. మాత్రలు పారేసేవారు. స్లిమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఆకస్మికంగా ఒక దళాన్ని నిలబెట్టి ప్రతి మనిషికీ పరీక్ష చేయించేవాడు. మాత్ర జాడ 95 శాతం మందిలో లేకపోతే ఆ దళం కమాండింగ్ అధికారి ఉద్యోగం పోయేది. ముగ్గురిని తీసేయాల్సి వచ్చింది, అంతే. మిగతావారికి విషయం అర్థమైంది. జబ్బుపడినవారిని వందల మైళ్ళు వెనక్కి పంపకుండా ముందు వరుసకు దగ్గర్లోనే చికిత్సా కేంద్రాలు పెట్టించాడు. 1945 నాటికి జబ్బుపడేవారు రోజుకు వెయ్యికి ఒక్కరు. ఎల్ అలమీన్ గురించి పుస్తకాలు రాసేవారు ఇలాంటి సంగతికి ఒక్క పేరా కూడా ఇవ్వరు. నా దృష్టిలో బర్మాను గెలిచింది ఇక్కడే.

పారాచూట్ల సంగతి ఇంకా బాగుంటుంది. యూరప్‌కు పోగా మిగిలినవే బర్మాకు వచ్చేవి, పట్టు పారాచూట్లు దొరికేవి కావు. స్లిమ్, అతని సరఫరా అధిపతి స్నెల్లింగ్ కలిసి కలకత్తా జనపనార మిల్లుల యజమానులను పట్టుకున్నారు. జనపనార గుడ్డతో పారాచూట్ తయారైంది, దాన్ని పారాజూట్ అన్నారు. మామూలు పారాచూట్‌కు 20 పౌండ్ల పైన ఖర్చయితే దీనికి ఒక పౌండు చిల్లర. మనిషి దూకడానికి పనికిరాదు, బియ్యం బస్తాకు చాలు. సరైన మార్గంలో కొనుగోలు చేయలేదని పై నుంచి చీవాట్లు వచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగం చేసినవారెవరికైనా ఆ చీవాట్ల భాష వినబడుతుంది. తరువాత బర్మా సరిహద్దు ఊరు తము నుంచి చింద్విన్ వైపు వానాకాలంలోనూ బండ్లు నడవాలంటే, అదే జనపనార గుడ్డను తారులో ముంచి మట్టి రోడ్డు మీద వంద మైళ్ళకు పైగా పరిచారు. కలేవా దగ్గర ప్రధాన ఇంజనీరు హేస్టెడ్‌కు నదినీ టేకు అడవినీ చూపించి పడవలు కావాలన్నాడు స్లిమ్. 500కు పైగా పడవలు తయారయ్యాయి. ముందున్న దళాలకు సగం రేషన్ పెట్టాల్సి వచ్చినప్పుడల్లా తన ప్రధాన కార్యాలయాన్ని కూడా సగం రేషన్‌కు దించేవాడు. స్నెల్లింగ్ మనుషుల పని ఆ మరుసటి రోజు నుంచి చురుగ్గా సాగేదని వేరే చెప్పాలా?

ఇక 1944. ఫిబ్రవరిలో బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో జపాన్ పాత పద్ధతే ప్రయోగించింది. 7వ భారత డివిజన్ వెనకకు చేరి, దాని ప్రధాన కార్యాలయాన్ని కూడా తొక్కుకుంటూ పోయింది. ఈసారి మనవాళ్ళు కదల్లేదు. శత్రువు రేషన్ మీదే బతుకుదామన్న లెక్కతో వచ్చిన జపాన్ దళాలు ఆకలితో వెనుదిరిగాయి. జపాన్ దాడిని అలా నిలబడి తిప్పికొట్టడం బర్మాలో అదే మొదలు. మార్చిలో జపాన్ సేనాని ముటగూచి మూడు డివిజన్లతో, దాదాపు 85,000 మందితో ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చాడు. మూడు వారాల్లో ఇంఫాల్ పట్టుకుని అక్కడి గోదాముల్లో తిందామన్నది అతని పథకం. అందుకే చాలీచాలని తిండితో, వెంట పశువులను తోలుకుని బయలుదేరారు. సరఫరా విద్యార్థులకు ఎలా చేయకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

స్లిమ్ ఇక్కడ రెండు తప్పులు చేశాడు, వాటిని దాచడం నా ఉద్దేశం కాదు. 17వ డివిజన్‌ను సరిహద్దు అవతలి బర్మా కొండల్లోని తిడ్డిం నుంచి వెనక్కి పిలవడంలో ఆలస్యం జరిగింది. కోహిమా వైపు మహా అయితే ఒక రెజిమెంటు వస్తుందనుకున్నాడు, జపాన్ జనరల్ సాటో నాయకత్వంలో డివిజన్ మొత్తం దిగింది. 1956లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ రెండూ తన తప్పులేనని స్లిమ్ స్వయంగా రాశాడు. జర్మన్ జనరల్స్ పుస్తకాల పక్కన పెట్టి చదివితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తప్పును సరిదిద్దింది విమానాలే. 5వ భారత డివిజన్‌ను అరకాన్ నుంచి ఏకంగా గాలిలో తెచ్చి దింపారు. దానికోసం చైనాకు సరుకు మోసే అమెరికన్ విమానాలను ఈ రంగానికి సర్వసేనాధిపతి మౌంట్‌బాటన్ ఇటు మళ్ళించాడు. కోహిమాలో 1,500 మందికి మించని పోరాట దళం రెండు వారాలు సాటో డివిజన్‌ను ఆపింది. జిల్లా డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ కందకాలు తవ్వి, గ్రెనేడ్లు విసురుకునే దూరంలో పోరాడారు.

సాటో ఆ గుట్టను పక్కన పెట్టి కాస్త ముందుకు పోయి ఉంటే, దిమాపూర్‌లో మొత్తం రంగానికి సరుకు నిలవ చేసిన గోదాములు దాదాపు కాపలా లేకుండా ఉన్నాయి. పోలేదు. ఒకసారి వైమానిక దళంవాళ్ళు సాటో కార్యాలయం మీద బాంబులు వేద్దామని పథకం వేస్తుంటే స్లిమ్ వద్దన్నాడట, తనకు అంతగా సాయపడుతున్న జనరల్ మరొకడు దొరకడని. జూన్ 22న కోహిమా, ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. ముటగూచి సైన్యంలో 50,000 మందికి పైగా నష్టం, అందులో దాదాపు 30,000 మంది చనిపోయారు, ఆకలికీ జబ్బుకూ పోయినవారే ఎక్కువ.

ఇంఫాల్ రక్షణ యుద్ధం. స్లిమ్ దాడి కూడా చేయగలడా అంటే మెయిక్‌టిలా చూడండి. చింద్విన్, ఇరావతుల మధ్య మైదానంలో జపాన్‌ను ఎదుర్కోవాలని మొదటి పథకం. 1944 డిసెంబరులో కొత్త జపాన్ సేనాని కిమురా తెలివిగా ఇరావతి వెనక్కి తప్పుకున్నాడు. స్లిమ్ కొద్ది రోజుల్లోనే పథకమంతా మార్చేశాడు. ఒక కోర్ ఉత్తరాన మాండలే మీదికి పోతున్నట్టు హడావిడి చేసింది. రెండోది, మెస్సర్వీ నాయకత్వంలోని 4వ కోర్, పడమటి కొండల చాటున వందల మైళ్ళు దక్షిణానికి జారింది. ఆ కోర్ పాత చోటనే ఉందని నమ్మించడానికి ఒక బూటకపు కార్యాలయం రేడియోలో రోజూ మాట్లాడుతూ ఉండేది. ఫిబ్రవరి 14న 7వ భారత డివిజన్ న్యాంగు దగ్గర ఇరావతి దాటింది. మార్చి మొదటి వారంలో ట్యాంకులతో 17వ భారత డివిజన్, 1942లో సిటాంగ్ దగ్గర చితికిపోయిన డివిజనే, మెయిక్‌టిలాను పట్టుకుంది. కిమురా సరుకంతా, రైళ్ళన్నీ, విమానాశ్రయాలన్నీ ఆ ఊరి మీదుగానే. చేయి నరకడం మానేసి గొంతు పట్టుకున్నట్టయింది. మార్చి 20న మాండలే పడింది. దీని కోసం స్లిమ్ చేతిలో ఉన్న పడవలు, తెప్పలు చూస్తే నార్మండీలో దిగినవారు నవ్వుతారు.

తరువాత రంగూన్ పరుగు. వానలు ముందే వచ్చి 4వ కోర్ పెగూ దగ్గర ఆగింది, రంగూన్‌లోకి మే 3న సముద్రం మీదుగా వచ్చిన 26వ డివిజన్ ప్రవేశించింది. అప్పటికే జపాన్‌వాళ్ళు ఊరు ఖాళీ చేశారు. ఇంత గెలిచాక స్లిమ్‌కు దక్కిన బహుమానం? అతని పై అధికారి లీస్ వచ్చి, అలసిపోయావు, ఈ సైన్యం ఇక మరొకరికి ఇస్తానన్నాడు. 14వ సైన్యం అంతా భగ్గుమంది. చివరికి పోయింది లీస్ ఉద్యోగం, ఆ కుర్చీలోకి వచ్చింది స్లిమ్.

ఇక్కడ మీలో కొందరు అడగబోయేది తెలుసు: ఇంఫాల్ దగ్గర అవతలి వైపు ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది కదా, స్లిమ్ మనల్ని ఏలినవాళ్ళ సేనాని కదా? నిజమే. 1944 ఏప్రిల్‌లో మొయిరాంగ్‌లో ఎగిరిన జెండాను నేను తక్కువ చేయను. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచిన దళాల్లో స్లిమ్ 15వ కోర్ కూడా ఉంది. 14వ సైన్యం వెనక బెంగాల్‌లో 1943 కరువు లక్షల మందిని మింగింది, శత్రువుకు చిక్కకూడదని 1942లో అక్కడి పడవలు స్వాధీనం చేసుకున్న ప్రభుత్వం ఈ సైన్యాన్ని నడిపిన ప్రభుత్వమే. ఆ విధానం స్లిమ్‌ది కాదు. అతను ఆ సామ్రాజ్యానికి సేవకుడన్న మాట మాత్రం తుడిచేయలేం. అయితే ప్రశ్న ఎవరి పక్షం న్యాయమైనదని కాదు, ఎవరు గొప్ప సేనాని అని. పక్షమే కొలత అయితే రోమెల్ పేరు ఈ ప్రశ్నలోనే ఉండకూడదు.

రెండో అభ్యంతరం బలమైనది: బర్మా చిన్న రంగం, అక్కడ ఏం జరిగినా జపాన్ పసిఫిక్‌లో ఓడేది. అది కూడా ఒప్పుకుంటాను. బర్మా వల్ల యుద్ధం తేలిందని నేను అనడం లేదు. రొకొసోవ్‌స్కీకి బర్మా ఇచ్చి ఉంటే ఏం చేసేవాడో చెప్పలేం, స్లిమ్‌కు బెలారూస్ ఇచ్చినా అంతే. కానీ స్లిమ్ నడిపిన సైన్యంలో పంజాబీలు, గూర్ఖాలు, మద్రాసీలు, నైజీరియావాళ్ళు, తూర్పు ఆఫ్రికావాళ్ళు, ఇంగ్లండ్ మిల్లు కూలీలు ఉన్నారు. తిండి దగ్గర నుంచి దేవుడి దాకా అందరిదీ వేరు. వాళ్ళలో పెద్ద భాగానికి ఆ రాజ్యం సొంతం కూడా కాదు. అలాంటి సైన్యం అతన్ని 'అంకుల్ బిల్' అని పిలిచింది. స్టాలిన్‌కు భయపడి కదిలే సైన్యాన్ని నడపడం వేరు, ఇది వేరు.

రోమెల్ పక్షం వదిలేది లేదనేవారికి ఒక్క పని అప్పగిస్తాను. 1942 జూన్‌లో టోబ్రుక్ చేతికి వచ్చింది. మాల్టా మీద దాడికి ఇటలీ సిద్ధమవుతోంది, ముందు ఆ దీవి సంగతి తేలుద్దామని జర్మన్ ఫీల్డ్ మార్షల్ కెసెల్రింగ్ గట్టిగా చెప్పాడు. రోమెల్ వినకుండా ఈజిప్టులోకి వెళ్ళాడు, పెట్రోలు లేక ఎల్ అలమీన్ దగ్గర నిలబడిపోయాడు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ, లారీల లెక్కతో సహా, కింద రాయండి. చదువుతాను.